పూడ్చిన బావి తాబేలు

ఈ సాయంత్రం వాన వెలిశాక, మా రాయపూర్ రైల్వే క్వార్టరు పెరటి తలుపు తీశాను. గడప మీద పళ్లెమంత తాబేలు! చీపురుతో తోస్తే కరిచి పట్టుకుంది, వదలదే. పక్కింటి నరసమ్మ పిన్ని లాంతరు తెచ్చి వంగి చూసింది.

“ఇది మన బావిలోదేనే. నీళ్లు సాఫుగా ఉంటాయని నానే ఏసినాను. డిప్ప మీద నా గాటు సూడు.”

“స్వరాజ్యం వచ్చిన ఏడే బావి పూడ్చేశారు కదా పిన్నీ! దాని మీదే మా వంటగది కట్టారు.”

“అదే సూస్తన్నాను. మరి జోడీ ఏసినాను, రెండోదేదీ?”

తాబేలు చీపురు వదిలేసి మా వంటగది వైపే నడిచింది. పొయ్యి పక్కన నేలకు చెవి ఆనిస్తే, కింద ఏదో గోకుతోంది. మా ఆయన ఎలుకలే అంటూనే, భోజనం మాత్రం వరండాలో పెట్టమన్నారు. మీరైతే ఈ పూట పొయ్యి ఎక్కడ వెలిగిస్తారు?