షుగర్ పడిపోయింది

మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో అద్దెకు దిగేనాటికి అక్కడ రోడ్డు లేదు, మురుగుకాలువ లేదు. వైద్య సలహాలకు మాత్రం లోటు లేదు.

నా భార్యకు చిన్నప్పటి నుంచీ మధుమేహం. అప్పుడు మూడో నెల. అంతకుముందు ఒక గర్భం నిలవలేదు. ఈసారీ ఎరుపు కనబడటంతో డాక్టరమ్మ మంచం దిగవద్దంది. ఆమె విశ్రాంతి తీసుకుంటోందో లేదో చూడటానికి ఇరుగుపొరుగు వచ్చి గంటల తరబడి మాట్లాడించేవారు. ఇన్సులిన్ సీసాను కుండలో, తడి ఇసుకలో దాచేవాళ్లం. ఫ్రిజ్ ఉన్న పక్కింటి పెద్దమనిషి, "మందు పక్కన పెరుగు పెట్టుకోలేమండీ" అని ఎంతో మర్యాదగా చెప్పాడు.

ఒక ఉదయం నా భార్య సూది వేసుకుని ఇడ్లీ తింది. తిన్నది తిన్నట్టే వాంతయింది. లోపలికి వెళ్లిన మందుకు ఆ సంగతి చెప్పేదెవరు? కాసేపటికి ఒళ్లంతా చెమట, వణుకు.

"ఏమండీ, బస్సు వెళ్లిపోతోంది" అని కలవరించింది, మంచం మీదే కూర్చుని.

వంటింట్లో చూస్తే పంచదార డబ్బా ఖాళీ. మెట్ల మీంచి ఇంటి యజమానురాలిని కేకేశాను. "అమ్మా, షుగర్ పడిపోయింది! కొంచెం పంచదార ఇవ్వండి!"

ఆమె సరూర్‌నగర్ పాత రైతు కుటుంబం మనిషి. వస్తువు వృథా అయితే ఓర్చుకోలేదు.

"పడ్డదా? పైపైది ఎత్తుకోరాదా సారూ! కిందిదే గదా మట్టయ్యేది. జర చూసుకోవద్దా?"

"డబ్బాలోది కాదమ్మా, ఆవిడ ఒంట్లోది!"

"అయ్యో, గా మాట ముందుగాల చెప్పవేంది!"

గ్లాసులో చక్కెర కలుపుకుంటూనే పరిగెత్తుకొచ్చింది. ఈలోగా పక్కింటి పెద్దమనిషి గుమ్మంలో చేతులు అడ్డం పెట్టాడు.

"షుగరున్న మనిషికి పంచదార నీళ్లా? అందులోనూ కడుపుతో ఉంది! ముందు డాక్టర్ని అడుగుదామండీ."

"ఫోనెక్కడుంది?"

"ఎల్‌బీ నగర్‌లో మా బావమరిదికి ఉంది."

అంత దగ్గరి సహాయాన్ని కాదనుకుని, ఆయన్ని పక్కకు నెట్టి, నా భార్య చేత గుక్కగుక్కగా తాగించాను. గ్లాసు ఖాళీ అయ్యాక కళ్లలో తెలివి వచ్చింది.

"ఈయనెందుకు వచ్చారు?" అంది మొదట.

నాలుగు బిస్కెట్లు తినిపించి, గుంతలన్నిటినీ తిట్టుకుంటూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ స్కానింగు చేశారు. డాక్టరమ్మ తెర మీద మినుకుమినుకుమంటున్న చుక్కను చూపించి, "గుండె బాగానే కొట్టుకుంటోంది. ఇకమీద వాంతులైన రోజు నన్నడగకుండా సూది వేసుకోవద్దు" అంది. నా భార్య ఆ చుక్క మీంచి కళ్లు తిప్పలేదు.

తిరిగొచ్చేసరికి పెద్దమనిషి గేటు దగ్గరే ఉన్నాడు.

"అమ్మాయ్, నేను వద్దన్నా ఆ తీపి నీళ్లు తాగేశావు కదా?"

"తాగానండీ. ఇద్దరికీ సరిపోయాయి" అంది నా భార్య.