పసుపు వేలి గుర్తులు

మా ఆర్మూర్ చర్చి పాత రాతి కట్టడం. ఎత్తైన కప్పు, మందమైన గోడలు. లోపల ఒక మాట అంటే అది గోడగోడకూ తగిలి, కాసేపు తిరిగి గానీ పోదు. అది పోకముందే రెండోది అన్నామా, రెండూ కలిసి ఉత్త హోరు.

ఈ సంగతి మా నాయినకు తెలుసు. వారమంతా మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసి, ఆదివారం వాక్యం చదివేవాడు. ఎంత తోమినా వేళ్ల పసుపు పోయేది కాదు. ఒక ముక్క చదివి, ఆ చోట వేలు అదిమిపెట్టి ఆగేవాడు. ఆఖరి బల్ల మీద మా అమ్మ తల ఊపితే మాట అక్కడిదాకా చేరినట్టు. అప్పుడే తర్వాతి ముక్క. నాకేమో ఒళ్లు మండేది. "నాయినా, నువ్వు సదివేలోపు ఇంట్ల కూర మాడుతది," అనేదాన్ని. పసుపు అంటించి పుస్తకం ఖరాబు చేస్తున్నాడని కూడా తిట్టేదాన్ని. ఇప్పుడా ఆగడం కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

ఉద్యోగం వచ్చాక పెద్దల వెంటబడి చర్చిలో సౌండు బాక్సులు పెట్టించింది నేనే. ఎంత గొప్పలు పోయానో! తీరా చూస్తే హోరు రెట్టింపైంది. రెండు ఆదివారాలు చూసి, "ఇగ నాతోని కాదు బిడ్డా," అని నాయిన పుస్తకం మూసేశాడు. తప్పు నాదని అప్పుడు ఒప్పుకోలేదు. అదే నన్ను తినేస్తోంది.

నాయిన పోయి ఏడాదైన రోజు చర్చిలో ప్రార్థన పెట్టాం. అమ్మ ముందురోజే చెప్పింది. "గా డబ్బాలు బంద్ చెయ్యమను. మూడేండ్ల సంది నాకు ఒక్క మాట తెలుస్తలేదు. మీ నాయిన కోసం సదివేదన్న నా చెవుల పడాలె. నువ్వే సదువు."

నాయిన పుస్తకం పట్టుకుని, మైకు లేకుండా నిలబడ్డాను. భయంతో మొదటి వాక్యం గబగబా చదివేశాను. ఆఖరి బల్ల మీద అమ్మ తల కదలలేదు. తలదించి పుస్తకంలోకి చూస్తే, నేను తిట్టిన ఆ పసుపు గుర్తులే! మూడు నాలుగు మాటలకొకటి, నాయిన ఆగిన చోటల్లా.

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. గుర్తు దాకా చదివి, దాని మీదే వేలు పెట్టి ఆగాను. గోడలు సద్దుమణిగాయి. అమ్మ తల ఊపింది.

బయటికొచ్చాక అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నన్ను కసిరింది. "మొదాలు గంత ఉరుకుడు ఎందుకే? మేమిద్దరం గీడనే ఉంటిమి గద."