మిల్లు కారులో కునుకు

2003 వేసవి. రాజమండ్రిలో మోరంపూడి దగ్గర మాకు కారు ఏసీల షాపు ఉండేది. గ్యాస్ పని మా ఆయన చూసేవారు. విప్పడం, కడగడం, బిగించడం నా వంతు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఏ కారుకు ఏం జబ్బో పుస్తకంలో రాసేదీ నేనే.

ఒకరోజు మండపేట నుంచి ఒక రైస్ మిల్లు యజమాని వచ్చారు. భాస్కరరావు గారని పిలుచుకుందాం. ఆయన డ్రైవరు సూరిబాబు తాళాలు పట్టుకుని కారు పక్కనే నిలబడ్డాడు. తలెత్తలేదు.

"ఏసీ ఒకసారి చూడమ్మా. అది బాగుందని నువ్వంటే వీణ్ణి ఈ రోజే మానిపించేస్తాను," అన్నారాయన.

"ఏం చేశాడండి?"

"మొన్న కాలవ గట్టు మీద పట్టపగలు కునికాడు. ఇంకో జానెడు పోతే అందరం కాలవలో ఉండేవాళ్ళం. తాగుతున్నాడో, రాత్రుళ్ళు ఏం వెలగబెడుతున్నాడో! అడిగితే కారులో గాలాడదంటాడు. ఇంత పెట్టి కొన్న కారులో గాలాడదా?"

"నేను తాగనండి," అన్నాడు సూరిబాబు. "బయటి గాలికి మార్చినా గాలి రావట్లేదండి. అద్దం దించితే బూడిదొస్తోందని అయ్యగారు తిడతారు."

ఇక్కడ ఆ గాలి మార్చే బటన్ సంగతి చెప్పాలి. దాన్ని రీసర్క్యులేషన్ అంటారు. కారు బొమ్మ, అందులో వంపు తిరిగిన బాణం దాని గుర్తు. అది నొక్కితే ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఎండలో నిలిపిన కారు త్వరగా చల్లబడాలన్నా, ముందు లారీ పొగ వదులుతున్నా అదే మంచిది. కానీ నలుగురు కూర్చుని గంటల తరబడి అలాగే వెళితే, వదిలిన ఊపిరే మళ్ళీ పీలుస్తారు. తల బరువెక్కుతుంది, కళ్ళు మూతలు పడతాయి. వానలోనైతే అద్దాలకు ఆవిరి కమ్ముతుంది. అందుకే మధ్యమధ్య దాన్ని తీసేసి బయటి గాలిని రానివ్వాలి. దాన్ని ఫ్రెష్ అంటాం.

ఏసీ చల్లగానే ఉంది. ఫ్రెష్‌కి మార్చగానే మాత్రం గాలి నీరసించింది. ముందు అద్దం కింద, బానెట్ చివర నల్లటి జాలీ ఉంటుంది. బయటి గాలి అక్కడి నుంచే లోపలికి పోతుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టాను. లోపలి ఫ్యాను లాగితే అతుక్కోవాలి. జారి కింద పడింది. జాలీ విప్పి చూస్తే అడుగున గోనెగుడ్డ. నాలుగు మడతలు వేసి, చుట్టూ పురికొసతో కుట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారండి?"

భాస్కరరావు గారు వంగి చూశారు. "నేనే పెట్టించాను. బాయిలర్‌లో ఊక కాలుస్తాం కదా, ఆ బూడిద లోపలికి పోకుండా. కారు కొన్న వారంలోనే."

"బస్తా మూతి కుట్టినట్టు కుట్టించేశారే! లోపల మనుషులుంటారు కదండీ."

అప్పుడు సూరిబాబు సెలవులో ఉన్నాడట. గుడ్డ సంగతి అతనికి తెలియనే తెలియదు. ఆయన మాత్రం పట్టు వదల్లేదు.

"సరే, గాలి రాలేదనే అనుకుందాం. మరి నాకేం కాలేదే?"

"కారెక్కాక మీరేం చేస్తుంటారండి?"

"నాదేముందమ్మా, వెనక సీట్లో కూర్చోగానే ఓ కునుకు..."

అక్కడితో ఆగిపోయారు. మా ఆయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

గుడ్డ తీసేసి, గాలి వెళ్ళే దారంతా శుభ్రం చేసి జాలీ బిగించాను. మిల్లు ఆవరణలో ఉన్నంతసేపు బటన్ నొక్కి ఉంచమని, రోడ్డెక్కాక తీసెయ్యమని చెప్పాను. భాస్కరరావు గారు డ్రైవరు వైపు చూడకుండానే, "రేపు ఆరింటికల్లా వచ్చెయ్యి, కాకినాడ వెళ్ళాలి," అని టీ తాగడానికి వెళ్ళారు.

సూరిబాబు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన దూరం వెళ్ళాక అడిగాను. "గాలి రావట్లేదన్నావు సరే. నిద్రొస్తోందని ముందే ఎందుకు చెప్పలేదు?"

"డ్రైవరు తన నోటితో నిద్రొస్తోందంటే ఇంకేమన్నా ఉందా అక్కా? ఆ పూటే తాళాలు లాక్కుంటారు."

అది నాకు తట్టని సంగతి. ఆ తర్వాత యజమాని ముందు ఏ డ్రైవర్నీ నిద్ర గురించి అడగలేదు. "దూరం వెళితే తల బరువెక్కుతోందా బాబూ?" అనేదాన్ని. ఆ ప్రశ్నకైతే చాలామంది ఔననే చెప్పేవారు.