బొంతతో పాటు లేచిన పిల్ల

ఆ కాలంలో నాంపల్లిలోని మా కిరాయి ఇంట్లో నూలు చీర పాతబడిందంటే బొంతలోకి బదిలీ అయిందన్నమాటే. చంటిపిల్లలకు కొత్త గుడ్డ గుచ్చుకుంటుందని, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలనే పొరలుగా పరిచి కుట్టేవారు. ఆ విద్య నాకు మా అమ్మ నేర్పింది. (నేర్పిందనడం మర్యాదకు. "గట్ల కాదే, దగ్గర దగ్గర గుచ్చు" అంటూ నెత్తి మీద మొట్టికాయలు వేసింది.)

అక్క మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. పాపను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజుకు బొంత నేనే కుడతానని వాడంతా చాటుకున్నాను. అమ్మ మాత్రం, "కుట్టు ఊడితె ఆ బొంత తొట్టెల్ల ఎయ్య. నేను కుట్టిందే ఏస్త" అని తేల్చేసింది. ఇక నాకు అన్నం సయిస్తే ఒట్టు. అబిడ్స్‌లో ఎర్ర దారం కొనిపించుకుని, చీరలు నేల మీద పరిచి, వాటి మీదే బాసింపట్టు వేసుకుని కుట్టాను. తొట్టెల నాటి పొద్దున, కొత్త పూల లంగా కట్టుకుని చివరి వరస కూడా పూర్తిచేశాను.

సరిగ్గా అప్పుడే అక్క అత్తగారు వచ్చారు. కాళ్లకు నీళ్లిద్దామని లేచాను. బొంతా లేచింది. నడిస్తే నా వెనకాలే వచ్చింది. లంగాను కూడా బొంతలో కలిపి, అంచు పొడవునా కుట్టేసుకున్నాను!

"ఏంది బిడ్డా, పాపకు కుట్టినవా, నువ్వే కట్టుకుందామని కుట్టినవా?" అన్నారావిడ. అక్క పడీ పడీ నవ్వింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కుట్లు విప్పితే మళ్లీ కుట్టే టైమెక్కడిది? ఇక పాప మా అమ్మ కుట్టిన బొంత మీదే పడుకుంటుంది.

అమ్మ వచ్చి ఒక కుట్టు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. అదీ రాలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. "జర మీరు గూడ గుంజి చూడున్రి వదినా" అన్నది అత్తగారితో. ఆవిడా గుంజి, "ఔ, మస్తు గట్టిగున్నది" అని ఒప్పుకున్నారు. అమ్మ కత్తెర తెచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, బొంత జోలికి పోకుండా నా కొత్త లంగాను కరకరా కోసేస్తోంది!

"లంగ మళ్ల కుట్టించొచ్చు. నా బిడ్డ ఏసిన కుట్లు నేను ఇప్పుతనా?" అన్నది.

కాళ్ల వైపు పూల పట్టీ ఉన్న ఆ బొంత మీదే పాప దర్జాగా పడుకుంది. నేను ఆ చిరుగుల లంగాతోనే వచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచాను, అంత గర్వం నాకు. ఇప్పుడు కూడా బొంత కుట్టి లేచే ముందు చీర కుచ్చిళ్లు ఓసారి తడుముకుంటాను. కుట్టడం అమ్మ నేర్పింది, లేవడం మాత్రం నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.