ఉమ్మడి గడ్డం

ఆ రోజుల్లో అప్పు చేయడం తేలిక, చేసినట్టు దాచుకోవడమే కష్టం. ఇప్పుడైతే ఫోనులోనే ఇస్తున్నారు, ఫోనులోనే పీక్కుంటున్నారు, పక్క మంచం మీద పడుకున్న మనిషికి కూడా తెలియదు. మా తాడిపత్రిలో అలా కుదిరేది కాదు. అప్పిచ్చినవాడు పొద్దున టీ బంకు దగ్గర కనిపిస్తాడు, మధ్యాహ్నం బస్టాండులో కనిపిస్తాడు, సాయంత్రం సినిమాకు పోతే సరిగ్గా మన వెనక వరుసలో కూర్చుంటాడు. "ఏమబ్బీ, బాగుండావా?" అని మాత్రమే అడుగుతాడు. ఆ పలకరింపుకు సినిమాలో సగం కథ అర్థం కాకుండా పోతుంది. అలాంటి కాలంలో, తొంభైల చివర, నేనొక పాలిష్ బండల ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉంటూ, పెట్రోలు పోసుకునే స్తోమత లేకపోయినా ఒక పాత మోటారు సైకిలు, వినే తీరిక లేకపోయినా రెండు స్పీకర్ల టేప్‌రికార్డరు కొన్నాను. రెండూ అప్పే. (మోటారు సైకిలును తోసుకుంటూ తిరిగేవాడిని. నిలబెడితే ఫైనాన్సువాడు తీసుకుపోతాడని భయం.)

నాకు ఇద్దరు అన్నలు ఉండేవారు. తోడబుట్టినవాళ్లు కాదు, ఒకే వరండాలో పక్క పక్క గదుల్లో అద్దెకున్నవాళ్లు. ఒకాయన లారీ ఆఫీసులో లోడింగు చూసుకునేవాడు, కానీ జిల్లా మొత్తం తన కిందే ఉన్నట్టు మాట్లాడతాడు కాబట్టి ఆయనను 'కలెక్టరు' అనేవాళ్లం. దారినపోయే వాళ్లందరికీ టీలు తాగించి హోటలు ఖాతా పెంచుకోవడం ఆయన జబ్బు. రెండో ఆయన పల్లెలో ఉన్న చేనును నమ్ముకుని బోరు మీద బోరు వేయించి, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడక, చివరికి తాడిపత్రికొచ్చి బండల ట్రాక్టరు తోలుతున్న మనిషి. ఆయన పేరు ఆయనే మర్చిపోయినంతగా అందరం 'బోరన్న' అనేవాళ్లం.

ఒక ఆదివారం కలెక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాడు. "ఒంటిగా తీర్చుకోల్లంటే ఏ నాకొడుకూ అప్పు తీర్చడు. ముగ్గురం కల్సి కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుందాం. అందరి అప్పులూ తీరేదాకా ఎవడూ గడ్డం తీయకూడదు. ఒకడు జారితే ఇంగిద్దరు ఎగదోయల్ల. తీరినాక ముగ్గురం పోయి ఒకేపారి గుండ్లు కొట్టించుకుందాం." ఆ 'అందరి' అన్న చోట నేను ఆగి ఆలోచించవలసింది. వయసు అలాంటిది, నాకప్పుడు గడ్డం అంటే సినిమా హీరోలే గుర్తుకొచ్చారు. సరేనన్నాను.

హీరోలు బండల ఫ్యాక్టరీలో పనిచేయరని తర్వాత తెలిసింది. ఆ రాతి పొడి గాలిలో లేచి తిన్నగా వచ్చి నా గడ్డంలో కాపురం పెట్టేది. సాయంత్రానికి గడ్డం తెల్లగా, మనిషి నల్లగా తయారయ్యేవాడిని. బస్సెక్కితే కండక్టరు "పెద్దాయనా, రొంత ముందుకు జరుగు" అనేవాడు. కాలేజీ పిల్లలు లేచి సీటిచ్చేవారు. దురద సంగతి చెప్పనే అక్కర్లేదు, మా ఊరి ఎండలు తెలిసినవాళ్లు ఊహించుకోగలరు. ఇక ప్రతి ఆదివారం నా గదిలో సమావేశం. ఉగ్గాని, బజ్జీలు మధ్యలో పెట్టుకుని ఎవరు ఎంత కట్టారో చెప్పాలి. కట్టినవాడి వీపు మీద మిగిలిన ఇద్దరూ "శభాష్" అని చరిచేవాళ్లు. కట్టనివాడికి బజ్జీలు లేవు. ప్రోత్సాహం అంటే ఇంత నొప్పిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఒకసారి హోటల్లో నెయ్యి దోశ తిన్నానని ఆదివారం నాటికి కలెక్టరుకు తెలిసిపోయింది. "నెయ్యి దోశ తింటాడంట దొర! ఉత్త దోశ గొంతు దిగదా నీకు?" అని వరండా అంతా వినపడేలా కేకలేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒప్పుకోవాలి, టేప్‌రికార్డరు అమ్మించిందీ, మోటారు సైకిలు వదిలించిందీ, చివరికి ఫైనాన్సువాడి ఎదుట నన్ను తలెత్తుకుని నిలబెట్టిందీ ఆ కేకలే.

నా అప్పు తీరిన రోజున తిన్నగా మంగలి షాపుకు పోయి కుర్చీలో కూర్చున్నాను. ఆయన గుడ్డ కప్పలేదు సరికదా, నన్నే లేవమన్నాడు. "మీ కలెక్టరన్న చెప్పిపోయినాడప్పా. మొక్కు తప్పించిన పాపం నాకేంటికి?" ఊళ్లో ఉన్న షాపులన్నీ తిరిగి చెప్పి వచ్చాడట మహానుభావుడు! కొన్నాళ్లకు ఊరికి టీలు పోయడం మానేసి ఆయన కూడా గట్టెక్కాడు. ఇక మిగిలింది బోరన్న. ఆయన ఒక ఆదివారం సిగ్గుపడుతూ వచ్చి మూలన కూర్చున్నాడు. "మీరిద్దరూ ఇంత ధైర్యం చెప్తాంటే నాకూ ధైర్యమొచ్చింది తమ్ముడా. ఆ ధైర్యంతోనే ఇంగో బోరు ఏయించినా" అన్నాడు. కలెక్టరు బజ్జీల పళ్లెం తన వైపు లాక్కున్నాడు. నేనే అడిగాను, "నీళ్లు పడినాయా అన్నా?" అని. "దుమ్ము పడింది. శానా మెత్తటి దుమ్ము" అన్నాడు బోరన్న. నేను గోడ వైపు తిరిగి గడ్డం గోక్కున్నాను.

సరిగ్గా అప్పుడే మా నాయన సంబంధం తెచ్చాడు. గుమ్మఘట్టలో రైతు కుటుంబం, అమ్మాయి ఇంటరు చదివింది. ఫోటో పంపారు. ఆ ఫోటోను చొక్కా జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోతే, రాతి పొడి పడుతుందని కవరు కొని అందులో పెట్టుకున్నాను. ఇంతకన్నా నా పరిస్థితి వివరించనక్కర్లేదు. ఈ అమ్మాయి కాదంటే నా బతుకు ఇంతే అనిపించింది. గడ్డం సంగతి నాయన అడిగితే ఉద్యోగం ఖాయం కావాలని మొక్కుకున్నానని చెప్పి ఉన్నాను. అప్పుల సంగతి ఆయనకు తెలియదు. తెలిస్తే గడ్డంతో పాటు తల కూడా ఉండేది కాదు.

పెళ్లిచూపులకు అన్నలిద్దరూ కూడా బయలుదేరారు. "మేం రాకుంటే దోవలో గీయించుకుంటావు, మాకు తెలీదా?" అన్నాడు కలెక్టరు. నిజంగా నా ఆలోచన అదే. రాయదుర్గం బస్టాండులో నాయన పళ్లు కొనడానికి పోగానే, కడుపు నొప్పి అని చెప్పి సందులో ఉన్న మంగలి షాపులో దూరాను. నురుగు రాశాడు. ఎడమ చెవి కింద కత్తి ఒక్క గీటు గీసింది. ఎంత హాయి! అంతలో గుమ్మం దగ్గర బోరన్న నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. "నీ గడ్డం పోతే నన్ను ఇడిసిపెట్టి పోయినట్లే గదా తమ్ముడా. ఇంగ నాకెవరు చెప్తారు?" అన్నాడు. తిట్టినా బాగుండేది. నురుగు తుడుచుకుని, పళ్లు నూరుకుంటూ లేచాను.

ముగ్గురు గడ్డాలవాళ్లం, ఒక నాయన, ఒక పళ్ల బుట్ట కలిసి గుమ్మఘట్టలో దిగేసరికి ఆ వీధివాళ్లు తలుపులు దగ్గరగా వేసుకున్నారు. అమ్మాయి వాళ్ల అవ్వ నా ఎడమ పక్కనే కూర్చుంది. నేను ఎంత తిప్పుకుందామన్నా ఆమె కన్ను ఆ గీటు మీదనే పడింది. "ఏమప్పా, పేనుకొరుకుడా? తలకంతా పాకుతాదంటారే?" అని గట్టిగా అడిగింది. లోపల గాజుల చప్పుడు ఆగిపోయింది. అమ్మాయి వాళ్ల నాయన ముఖం మాడిపోయింది. నేను నోరు తెరిచేలోగా నన్ను కాపాడదామని బోరన్న లేచాడు. "రోగం గాదవ్వా, మంచి పిల్లోడు. అప్పులు తీరేదాకా గడ్డం తీయమని మొక్కుకున్న్యాం, అంతే!" మా నాయన చేతిలో ఉన్న లోటా కింద పెట్టి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

"ఏమి అప్పు?" అన్నాడు అమ్మాయి వాళ్ల నాయన, లేవబోతూ.

"వీళ్లవి తీరిపోయినాయి సామీ. నాదే బాకీ. బోర్లు" అన్నాడు బోరన్న.

"హౌదా? అవునా?" ఆయన మళ్లీ కూర్చున్నాడు. "ఎన్ని అడుగులు పోయినారు?"

ఇక అంతే. నీళ్లుండే పాయింటు ఎవరు చూశారు, కొబ్బరికాయతో చూశాడా, వేపపుల్లతో చూశాడా, రాయి ఎక్కడ తగిలింది, కేసింగు పైపు ఎంత దిగింది. ఆయనవి కూడా అన్నీ ఎండిన బోర్లే. ఇద్దరూ చిన్నప్పుడు తప్పిపోయి ఇప్పుడు దొరికిన అన్నదమ్ముల్లా చేతులు పట్టుకుని, ఎండిన బోరు చూడటానికి చేనుకు పోయారు. మా నాయన కూడా, తనదీ ఒకటి ఎండిందని గుర్తొచ్చి, వాళ్ల వెనకే పోయాడు. నా పెళ్లిచూపులు, నేను, ఒక కలెక్టరు మిగిలాం.

అమ్మాయి ఓళిగల తట్ట (బొబ్బట్లే) తెచ్చి చూస్తే ఇంట్లో మేమిద్దరం తప్ప మగవాళ్లెవరూ లేరు. కాసేపు నిలబడి, తనే అడిగింది. "నీ అప్పు నిజంగా తీరిందా?" తీరిందన్నాను. "మల్ల గడ్డమేంటికి?" "ఆయనది తీరలేదు." "ఆయన నీకేమైతాడు?" ఏమవుతాడో నాకే తెలియదు. పక్క గది అన్నాను. ఆమె, అప్పటికే లోపలికి పోయిన వాళ్ల అవ్వ వైపు తిరిగి అంది, "మనింట్లో గడ్డం లేనోళ్లకంతా అప్పుండాది. ఈయప్పకు గడ్డముండాది, అప్పు లేదు. ఇదే మేలు లే అవ్వా." ఇంత తేలికగా ఒడ్డున పడతానని అనుకోలేదు.

పడలేదు కూడా. చేను నుంచి తిరిగొచ్చిన కాబోయే మామగారు గడప మీద నిలబడి, నున్నటి తన గడ్డాన్ని తడుముకుంటూ, "నేనూ ఈ మొక్కులో చేరతా" అన్నాడు. నేను లేచి నిలబడి, "వద్దు సార్!" అని అరిచాను. అప్పటికే కలెక్టరు ఆయన చేయి పట్టుకుని ఊపేస్తున్నాడు. బోరన్న ఒక్కడిదే ఎప్పటికి తీరుతుందో తెలియక చస్తుంటే, ఆ అప్పుకు పెద్దన్నలాంటి అప్పు వచ్చి చేరింది. నా పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు ఎవరో మామ ఎవరో బాసికం చూసి పోల్చుకోవాలి.

పెళ్లయ్యాక సమావేశం గుమ్మఘట్టకు మారింది. నెలకొకసారి జీతాలు అందగానే ముగ్గురం బస్సు పట్టుకుని పోయేవాళ్లం. కొత్త అల్లుడినని మర్యాద ఏమీ లేదు, నేను కూడా వరుసలో కూర్చుని మామగారిని తిట్టాలి. "ఏమి పెద్దాయనా, ఈ నెల ఎంత కట్టినావు?" అని కలెక్టరు మొదలుపెట్టేవాడు. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూడటానికి వచ్చినవాడిని ఒకసారి ఊరి పొలిమేర దాకా తరిమి వచ్చాడు. బోరన్న బోర్ల మీద ఆశ వదులుకుని, ట్రాక్టరు మీదే నిలబడి తనది తీర్చేశాడు. తీర్చినవాడు ఊరికే ఉండక, ఇక బోర్లే వద్దని మామగారికి వేదాంతం చెప్పడం మొదలుపెట్టాడు. మామగారు ఇంజను అమ్మి గొర్రెలు పెట్టారు. తర్వాత వరసగా వానలు లేని ఏళ్లొచ్చాయి. వేసిన శెనిక్కాయ వేసినట్టే మాడిపోయింది. ఒక నెల ఆయన ఏమీ కట్టలేకపోయారు, తర్వాత నెల కూడా. మేం మాత్రం పోవడం, తినడం, తిట్టడం, వీపు చరచడం మానలేదు. నేను దారి పొడుగునా గడ్డం గోక్కుంటూ విసుక్కునేవాడిని. మా ఇంటావిడతో, "మీ నాయన వల్ల నేను ఈ గడ్డంతోనే కాటికి పోతాను" అనేవాడిని. నా కొడుకు పుట్టాడు, పాకాడు, నా గడ్డం పట్టుకుని లేచి నిలబడటం నేర్చుకున్నాడు.

అన్నిటికీ ఒక చివర ఉంటుంది కదా, వానలు పడ్డాయి, గొర్రెలు అమ్ముడుపోయాయి, మామగారు ఆఖరి బాకీ కట్టేశారు. నలుగురం కసాపురంలో వరసగా కూర్చుని తలలు వంచాం. మంగళ్లు గడ్డాలు గీస్తున్నారు. నీళ్లు కారుతున్న ముఖంతో మామగారు, పక్కనే ఉన్న నాతో మామూలుగా, ఎండల గురించి మాట్లాడినట్టే అన్నారు.

"ఆ వాన రాని ఏడు ఒక పొద్దు పాతబావికాడికి పోయినా అల్లుడా. మల్ల రాగూడదనే పోయినా. గట్టు మీద కూచ్చుంటే మీరు మతికొచ్చినారు. నేను పోతే నా అప్పు ఎప్పుడు తీరాల, మీ గడ్డాలు ఎప్పుడు పోవాల? సచ్చేదాకా ముగ్గురూ గోక్కుంటా నన్నే తిడతారు గదప్పా అనిపించింది. నవ్వొచ్చింది. ఎనక్కొచ్చి సంగటి తిన్న్యా."

బోరన్న ముందు నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. కలెక్టరు మాత్రం తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. ఆ ఏళ్లలో మా చుట్టుపక్కల పల్లెల్లో అలా పోయి తిరిగి రానివాళ్లు ఎందరో మాకందరికీ తెలుసు. నాకు భయం వేసింది, ఇంత జరిగితే ఆ నెల కూడా నేను ఆయన్ను నెయ్యి గురించో నశ్యం గురించో తిట్టే ఉంటానని గుర్తొచ్చింది, ఆ తిట్లే ఆయనను ఇంటికి తెచ్చాయని తెలిసి ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో రాయదుర్గం బస్సులో మామగారు కిటికీ పక్కన కూర్చుని, గుండుకు గాలి తగలగానే నిద్రపోయి, నా భుజం మీద ఒరిగిపోయారు. ఆ బస్సులో కూర్చున్న కుర్రాడిని ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఏ మనిషి వల్ల అన్నేళ్లు దురద భరించానని పళ్లు నూరుతూ వచ్చాడో, ఆ మనిషి నిద్ర చెడుతుందేమోనని చేయి తిమ్మిరెక్కినా ఊరొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.