మా నాయన వద్దన్న మాట

పాకాలలో మాది చీరల అంగడి. “వొద్దులేప్పా” అని చీరను పక్కకు నెట్టి మెట్లు దిగిన మనిషి నాలుగడుగులు వేసి వెనక్కి వస్తుందని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వద్దు అన్నారంటే బేరం మొదలైనట్టే. పెళ్లిచూపుల్లో మామగారు నన్ను వద్దన్నప్పుడు కూడా నేను లేవకుండా ఇంకో లడ్డూ తిన్నాను.

అలాంటి మా ఇంటికి ఒక నర్సమ్మ వచ్చేది. సర్కారు ఆసుపత్రి నుంచి మోపెడ్ మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. మా నాయన ఊపిరితిత్తులు ఇక బాగుపడవని తిరుపతిలో డాక్టర్లు తేల్చి చెప్పేశారు. ఒకరోజు ఆమె బీపీ చూసి, మేమెవరం నోరెత్తి అడగని మాట నేరుగా నాయననే అడిగింది.

“పెద్దాయనా, ఈసారి ఆయాసం ముదిరితే ఏం చేయమంటావు? తిరపతికి పోయి గొంతులో గొట్టమేసి మిషను పెట్టించల్లా, ఈడ్నే ఉంటావా?”

అమ్మ చెవులు మూసుకుంది. “పొద్దున్నే ఇదేం బోణీ తల్లీ!” అన్నాను నేను.

నాయన మాత్రం తొణకలేదు. “గొట్టమూ వొద్దు, తిరపతీ వొద్దు. ఈ మంచంలోనే పోతా.”

నేను నర్సమ్మకు కన్నుగీటాను. “ఇది మొదటి మాటేమ్మా. రెండు దినాలు పోనీ, దిగొస్తాడు.”

“యాడికి దిగొచ్చేదన్నా? ఆయనేమన్నా చీర బేరం చేస్తాండాడా?”

బేరం నేను చేశాను. మిషను వద్దులే, ఆక్సిజన్ ఒక్కటే అన్నాను. తిరుపతి కాకుంటే చిత్తూరు అన్నాను. చివరికి పూతలపట్టు దాకా అయినా పోదామన్నాను.

“పూతలపట్టులో ఏముండాదిరా?” అన్నాడు నాయన.

ఏముందో నాకూ తెలియదు. బేరం తెగిపోకూడదని అన్నాను, అంతే.

నర్సమ్మ మూడుసార్లు వేరువేరు రోజుల్లో అదే అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. అప్పుడు ఒక కాగితం మీద రాసి, ఆయనతో సంతకం పెట్టించి, అమ్మనూ నన్నూ కూడా పెట్టమంది. “ఇది కోర్టు కాగితం కాదన్నా. ఆయాసం ముదిరిన పొద్దు ఆయన మాట్లాడలేడు, మీరు బెదిరిపోతారు. అప్పటికి ఇది ఉండాల” అంది. నేను సంతకం పక్కన ‘ప్రస్తుతానికి’ అని చేర్చాను. ఆమె నా చేతిలోని పెన్ను లాక్కుని ఆ మాటను కొట్టేసింది.

ఆ పొద్దు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం నాయనకు ఊపిరి అందలేదు. నేను కాగితం సంగతే మరిచి వ్యాను పిలిపించాను. వాకిట్లో ఇంజను ఆపకుండా డ్రైవరు హారన్ కొడుతుండగా, అమ్మ కబురు పెడితే నర్సమ్మ వచ్చింది.

“ఇప్పుడు మనసు మారుంటాదేమోమ్మా” అన్నాను.

“నన్నెందుకు అడుగుతావు? ఆయన చెయ్యి పట్టుకుని అడుగు.”

పట్టుకున్నాను. “నాయనా, తిరపతికి పోదామా?”

నాయన నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుని, మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తే తప్ప ఆయన్ని వ్యాను ఎక్కించలేను. బేరమాడటానికి నా దగ్గర ఇంకే మాటా మిగల్లేదు.

వ్యాను పంపించేశాను. “కన్నతండ్రిని ఆసుపత్రికి కూడా తీసుకపోల్యా” అని మా చిన్నాయన వాకిట్లో అరుస్తుంటే, అమ్మే బయటికి వెళ్లి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది. డాక్టరు ముందే రాసిచ్చిన మందును నర్సమ్మ నాయన నాలుక మీద వేసింది. ఆమె చెప్పినట్టు నేను మంచమెక్కి, ఆయన వెనక కూర్చుని, వీపును నా రొమ్ముకు ఆనించుకున్నాను. ఆయాసం మెల్లగా తగ్గింది. పొద్దు వాలకముందే ఆయన ఊపిరి ఆగింది, పట్టె మీద వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి.