ఇంటి యజమాని సంతకం

ముక్త్యాల దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో వీసా కాగితాలు చూసే పని నాది. కెన్యా నుంచి వచ్చిన మా ఇంజనీరు తన కొడుకును పుట్టాక ఫోన్లోనే చూశాడు. భార్యాబిడ్డల వీసాకు ఒక్క కాగితమే తక్కువైంది: వాళ్ళు ఉండబోయే ఇంటి యజమాని ఉత్తరం. జగ్గయ్యపేటలో అతను అద్దెకున్న ఇల్లు మా చర్చి సంఘపెద్దది. ఇంకేం, పనైపోయినట్టే అనుకుని వెళ్ళాను.

"ఒక్కడైతే సరేనమ్మా. సంసారం దిగితే వాళ్ళ వంటలూ, వాసనలూ... సంతకం మాత్రం అడక్కు," అన్నారాయన.

"మీ చేపల పులుసు వీధి చివరిదాకా తెలుస్తుంది కదా బాబాయిగారూ!"

నవ్వారు గానీ సంతకం పెట్టలేదు.

ఆ ఆదివారం ఆయనే లేచి, "ప్రభువా, ఈ లోకంలో మేము పరదేశులం," అని కన్నీళ్ళతో ప్రార్థించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పరదేశిని చేర్చుకుంటే ప్రభువును చేర్చుకున్నట్టేనని సండేస్కూల్లో నాకు నేర్పింది ఆయనే! అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు.

ఇంటికి రాగానే వెనక వాటా ఖాళీ చేయడం మొదలుపెట్టాను.

"ధాన్యం బస్తాలెక్కడ పెడతావే?" అన్నాడు మా ఆయన.

"మన మంచం కింద. ముందు ఈ ఉత్తరం మీద సంతకం పెట్టండి."

పెట్టాడు.